మా ఫొటోల కింది వాక్యం కోసేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ పేరు నాకు తెలియదు. మార్కాపురంలో ఉంటావో, గిద్దలూరులో ఉంటావో, హైదరాబాదులో కూర్చుని మన ఊళ్ల పేరుతో పేజీ నడుపుతున్నావో అదీ తెలియదు. ఒక్కడివో నలుగురో కూడా చెప్పలేను. నేను తీసిన ఫొటోలు మాత్రం నీ దగ్గర చాలానే ఉన్నాయి. ఏదో వాట్సాప్ గ్రూపులో దొరికించుకుంటావు. కింద నేను రాసిన రెండు మూడు లైన్లు కత్తిరిస్తావు. మూలన నీ పేజీ గుర్తు వేస్తావు. నీకు తోచిన ఊరి పేరు, నీకు తోచిన బాధ తగిలించి, వెనక ఒక ఏడుపు పాట పెట్టి వదులుతావు. అది ఊళ్లన్నీ తిరిగి చివరికి నా ఫోనుకే వస్తుంది, "టీచరమ్మా, ఇది చూశారా?" అంటూ.

నా పేరు పోయిందని ఈ ఉత్తరం రాయడం లేదు. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. ఆదివారాలు, సెలవు రోజులు కెమెరా మెడలో వేసుకుని స్కూటీ మీద మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాను. ఫొటోలు అమ్ముకోను, పోటీలకు పంపను. నువ్వు కోసేసే ఆ లైన్లలో నా పేరు చిట్టచివర ఉంటుంది. దానికంటే ముందు ఫొటోలో ఉన్నవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఆ రోజు వాళ్లు నాతో అన్న మాట ఉంటాయి. అవి పోయాక ఆ మనిషి గురించి నువ్వు ఏం చెబితే అదే చెల్లుతుంది. నా తగువంతా అక్కడే.

ఫొటో కింద రాసే అలవాటు నాకు పాత ఫొటోల నుంచి వచ్చింది. మా ఇంట్లో ట్రంకు పెట్టెలో అమ్మావాళ్ల కాలం నలుపు తెలుపు ఫొటోలున్నాయి. వెనక్కి తిప్పితే స్టూడియో వాళ్ల ముద్ర, ఊరు పేరు, ఇంకు పెన్నుతో తేదీ, "చిన్నత్త సీమంతం" అనో "పెద్దోడి అక్షరాభ్యాసం" అనో ఒక ముక్క. రాయని ఫొటోలు కూడా కొన్నున్నాయి. వాటిలో ఉన్నదెవరో చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. మంచి వెలుతురులో తీసిన చక్కటి ఫొటోలే అవి, చీర అంచు కూడా తెలుస్తుంది. అయినా అవి మావాళ్లవో కాదో తేల్చుకోలేక పెట్టె అడుగున పెట్టేశాం. ఫోన్లలో ఫొటోకు వెనక వైపు అనేది లేదు కాబట్టి నేను కిందే రాస్తాను. తీసిన తేదీ, సమయం, కెమెరా వివరాలు ఫైలులో దాగి ఉంటాయి గానీ, వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అవన్నీ రాలిపోతాయి. ఇక మిగిలేది మనిషి చేత్తో రాసిన వాక్యం ఒక్కటే. నువ్వు దాన్నే కోస్తున్నావు.

ముందు పలకల ఫొటో సంగతి చెబుతాను.

మార్కాపురం పలక అంటే ఒకప్పుడు దేశంలో చాలా చోట్ల పిల్లల చేతుల్లో ఉండేది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. క్వారీలు మాత్రం ఉన్నాయి, ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా నేలకు, గోడకు, ఇంటి ముందరి అలంకారానికి పోతోంది, పై దేశాలకు కూడా. మా ఊరి బయట ఒక చిన్న కార్ఖానాలో అరవై దాటిన ఒక పెద్దాయన రాయి చీలుస్తాడు. ఆ పని దగ్గర కూర్చుని చూడాల్సిందే. రాతి మొద్దును నిలబెట్టి, అంచు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపిస్తాడు. కంటికి ఆనని పొర ఆ వేలికి తెలుస్తుంది. అక్కడ పల్చటి ఉలి ఆనించి సుత్తితో తడతాడు. కొట్టడు, తడతాడంతే. ఒక చోట తట్టి, బెత్తెడు జరిపి మళ్లీ తడతాడు. నాలుగో తట్టుకో అయిదో తట్టుకో రాయి కొసాకొస పుస్తకంలో పేజీలా విడిపోతుంది. లోపలి ముఖం తడిగా ఉన్నట్టు మెరుస్తుంది. కోట్ల ఏళ్ల కిందట నీళ్ల అడుగున పేరుకున్న బురద అది, ఒత్తిడికి రాయి అయింది. దాని మీద మొదటి వెలుతురు పడేది ఆయన ఒళ్లోనే.

నేను ఆయన చేతులు తీయబోయాను. ఫొటోలు తీసే ప్రతివాళ్లకూ ఆ దుమ్ము పట్టిన వేళ్ల మీదే కన్ను పడుతుంది. ఆయన ఒప్పుకోలేదు. "చేతులేముందమ్మా, అందరికీ ఉండేయే. సరుకు తీయి," అని వెనక్కి తిరిగి చూపించాడు. గోడవారగా నిలువెత్తు దొంతరలు. బూడిద రంగు ఒక పక్క, పచ్చటి చాయ ఒక పక్క, ఇటుక రంగు కలిసినవి ఇంకో పక్క. అంచులు దారం పట్టి చూసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. వాటి పక్కన నిలబడి, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, చొక్కా గుండీ పెట్టుకుని, "ఇప్పుడు తీయి," అన్నాడు. ఫొటో కింద నేను ఆయన చెప్పినట్టే రాశాను: ఆయన పేరు, వాళ్ల నాయన పేరు, ఇంత సమంగా చీల్చేవాళ్లు ఈ పక్క నలుగురుంటే గొప్ప అన్న మాట.

నువ్వు ఆ ఫొటోలో దొంతరలు తీసేశావు. మొహం, చేతులు మాత్రం ఉంచావు. రంగులు చంపి నలుపు తెలుపు చేశావు. మీద పెద్ద అక్షరాలతో "దుమ్ములో చితికిన బతుకు" అని రాశావు. వాళ్ల మనవడు తాతకు ఫోనులో చూపించాడు. తర్వాతి ఆదివారం నేను వెళితే ఆయన కూర్చోమని కూడా అనలేదు. "నేను చితికిపోయినానని నీకెవరు చెప్పినారమ్మా?" అన్నాడు. నేను రాయలేదని చెప్పాను. నా ఫోనులో అసలు ఫొటో తీసి చూపించాను. చాలాసేపు చూసి, "సరుకు యాడికి పోయింది మరి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాది కాదు తమ్ముడూ, నీకు రావలసింది. నీ తరఫున నేను నిలబడి విన్నాను.

పలక పనిలో దుమ్ము లేదని నేను అనను. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అది రాయాలనుకుంటే రాయి. కార్ఖానాకు వెళ్లు, ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పేవాళ్లు ఉన్నారా, దుమ్ము లాగే మిషను ఉందా, దగ్గు వచ్చినవాళ్లకు వైద్యం ఎవరు చేయిస్తున్నారు అని అడుగు. అది చాలా అవసరమైన పని. దానికి ఈ పెద్దాయన మొహం దొంగిలించే పని లేదు.

ఇక కంభం చెరువు.

నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ, కంభం దగ్గర రెండు కొండల నడుమ నుంచి బయట పడుతుంది. ఆ సందుకు అడ్డంగా కట్ట వేసి ఆపిన నీళ్లే ఆ చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది. గజపతుల ఆడబిడ్డ, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఊళ్లో చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంస్థ దీన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు మన రాష్ట్రం నుంచి పోరుమామిళ్ల చెరువుకూ, కేసీ కెనాల్‌కూ ఆ గుర్తింపు దక్కింది. వందల ఏళ్ల కిందట తట్టలతో మట్టి మోసి వేసిన కట్ట ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోందంటే ఆ కట్ట మీద నడిచేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

చెరువు నిండిన ఏడు, పొద్దున్నే మంచు లేవకముందు నేను తీసిన ఫొటో నువ్వు వాడుకున్నావు. కట్ట మీద ఒక ముసలావిడ నిలబడి నీళ్ల వైపు చూస్తుంటుంది, చేతిలో చెప్పులుంటాయి. నువ్వు ఆవిణ్ని కోసేసి, నీళ్లూ కొండలూ మాత్రం ఉంచి, "కేరళ అందాలు" అని పెట్టావు. ఆవిడ చెప్పులెందుకు విప్పిందో చెబుతాను. అంతకుముందు ఏళ్లలో చెరువు ఎండి, అడుగున తుమ్మ చెట్లు మొలిచాయి. గొర్రెలు అందులో మేసేవి. ఆవిడ పొలం కింది ఆయకట్టులో ఉంది. నీళ్లొచ్చాయని తెలిసి, కోడలు వద్దంటున్నా ఆటో ఎక్కి వచ్చింది. కట్ట ఎక్కేముందు చెప్పులు విప్పి చేత పట్టుకుంది. గుడికి వచ్చినట్టే వచ్చిందావిడ. నేను పక్కన నిలబడితే, "మా అత్త ఉండుంటే సూసేది," అన్నది, అంతే. కేరళలో మన పక్క కంటే నీళ్లు ఎక్కువ తమ్ముడూ. అక్కడ చెరువు నిండితే ఎవరూ ఆటో కట్టించుకుని చూడ్డానికి రారు. ఆ ఫొటో మనకు తప్ప ఇంకెవరికీ పెద్ద సంగతి కాదు, దాన్ని మన దగ్గర లేకుండా చేశావు.

మా బడిలో ఒక పిల్లాడు నీ పోస్టు చూసి, "మేడమ్, కేరళలో కూడా మన కొండల్లాంటియే ఉండాయి," అన్నాడు. వాడు ఆ కొండలు చూస్తూ పుట్టాడు.

నీళ్ల బిందెల ఫొటో గురించి ఎక్కువ రాయను. ట్యాంకరు కోసం వరసలో పెట్టిన ప్లాస్టిక్ బిందెల మధ్య ఒక మేక వచ్చి దర్జాగా పడుకుంది. దాన్ని లేపలేక, లేపితే బిందెలు దొర్లిపోతాయని ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వుతున్నప్పుడు తీశాను. ఆ నవ్వే వాళ్లనూ మేకనూ తీసేసి, చివర్న కంట్లో ఎండ పడి మొహం చిట్లించుకున్న పెద్దావిణ్ని ఒక్కదాన్నే ఉంచావు. అది తర్వాత ఒక ఫ్లెక్సీ మీదికి కూడా ఎక్కింది. మా పక్క నీళ్ల కరువు గురించి ఎవరూ నాకు పాఠం చెప్పనక్కర్లేదు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతమంది మోకాళ్లు వంచేసిందో నా బడికి పిల్లల్ని దింపడానికి వచ్చే తాతల నడక చూస్తే తెలుస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు ట్యాంకరు నీళ్లకోసమే గంటలు గంటలు నిలబడతారు, నిలబడి నవ్వుతారు కూడా. ఫ్లెక్సీ మీద తన మొహం చూసుకున్న పెద్దావిడ నన్నడిగిన మాట ఒక్కటే, "నేనెప్పుడు ఏడ్చినా?" అని.

నాకు నిజంగా నిద్ర లేకుండా చేసింది మాత్రం ఒక ముంపు ఊరి ఇంటి ఫొటో. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

వెలిగొండ ప్రాజెక్టు సంగతి నీకు తెలిసే ఉంటుంది. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టిన ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరద నీళ్లను నల్లమల కింద సొరంగాల్లో తెచ్చి, కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర ఉన్న ఖాళీలకు ఆనకట్టలు వేసి నిలిపే జలాశయం అది, నల్లమల సాగర్. 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కో సొరంగం పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. 2024 మార్చిలో సొరంగాలకు ప్రారంభోత్సవం చేశారు. ఆ నీళ్ల కోసం మా ప్రాంతమంతా ఒక తరానికి పైగా ఎదురుచూస్తోంది, నేనూ చూస్తున్నాను. ఆ నీళ్లు నిలవాలంటే కొండల మధ్య ఊళ్లు మునగాలి. మునిగే ఊళ్లవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపాలి. అది తేలేదాకా వాళ్లు అక్కడే ఉంటారు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టారు. మునిగిపోయే ఊరు కదా అని ఎవరూ కొత్త ఇల్లు కట్టుకోరు, ఉన్న ఇంటికి బాగుచేతలు చేయించుకోరు. గోడ పెచ్చులూడితే పేడతో అలుకుతారు.

ఆ ఊళ్లలో ఒక దాన్నుంచి నాకు కబురు వచ్చింది. మా బడిలో చదివి వెళ్లిన ఒక పిల్ల తల్లి పంపింది. "ఇల్లు ఫొటో తీసి పెట్టండి టీచరమ్మా. పోయినాక చూసుకోడానికి ఏదో ఒకటి ఉండాల గదా." అంతవరకు నన్ను ఎవరూ ఇంటి ఫొటో తీయమని అడగలేదు. మనుషుల్ని తీయమంటారు. గుడిమల్ల భరత్ భూషణ్ గారని వరంగల్ ఫొటోగ్రాఫరు, తెలంగాణ ఊళ్లలో తలుపులు, గోడలు, ఇళ్ల ముంగిళ్లు ఏళ్ల తరబడి తీశారు. 2022లో కాలం చేశారు. ఆయన ఫొటోల్లో మనిషి లేకపోయినా ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో కొంత తెలుస్తుంది. ఆ ఫొటోలు మనసులో పెట్టుకునే వెళ్లాను.

వాళ్లు ముందే ఇల్లంతా అలికి, గడపకు పసుపు రాసి, ముగ్గు వేసి పెట్టారు. నేనేమో వాళ్లు రోజూ ఉన్నట్టు ఉంటే తీద్దామనుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, "పెళ్లికి తీసినట్టు తీయండి," అంది. వాకిలి తీశాను. దూలం తీశాను, దాని మీద వాళ్ల మామ చెక్కించిన సంవత్సరం అంకెలున్నాయి, పొగకు నల్లబడి వేలితో తడిమితేనే తెలుస్తున్నాయి. గోడ మీద పెన్సిలు గీతలున్నాయి, పిల్లల ఎత్తు కొలిచినవి. ఒక్కో గీత పక్కన పొట్టి పేరు. అన్నిటికంటే పై గీత దగ్గర ఆవిడ పెద్ద కూతురు నిలబడి చూపించింది, ఇప్పుడు ఆ గీత ఆ పిల్ల భుజం దగ్గరికి వస్తోంది. చివర్న ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకుపోయి, "ఇది కూడా," అని రోలు చూపించింది. భూమిలో పాతిన రోలు. దాన్ని పెకలించి తీసుకుపోతే పగులుతుందని పెద్దవాళ్లు అన్నారట. అందుకని దాన్ని అక్కడే వదిలేసి పోవాలని వాళ్లు ఎప్పుడో నిర్ణయించుకున్నారు. ఆ రోలును మూడు వైపుల నుంచి తీయించింది.

అన్నీ ప్రింటు వేయించి ఇచ్చాను. ఒక్క ఫొటో మాత్రం, ఆవిడ అనుమతితోనే, ఊరివాళ్ల గ్రూపులో పెట్టాను. వాకిలి ఫొటో. మనిషి లేని ముంగిలి, తెరిచిన తలుపు, లోపల చీకటి. కింద వాళ్ల ఇంటిపేరు, ఊరు, "ఈ ఇంట్లో ఇప్పుడు అయిదుగురు ఉంటున్నారు" అని రాశాను. నువ్వు ఆ లైను కోసి, తలుపు లోపలి చీకటిని ఇంకా నల్లగా చేసి, "నల్లమలలో దెయ్యాల ఊరు, రాత్రయితే ఎవరూ వెళ్లరు" అని వీడియో చేశావు.

ఆ ఇంట్లో రాత్రి అయిదుగురు పడుకుంటున్నారు తమ్ముడూ. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తున్నారు.

నీ వీడియో చూసి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మోటారుసైకిళ్ల మీద రాత్రిపూట ఆ ఊరికి వచ్చారు, ఫోన్లు పట్టుకుని, అరుచుకుంటూ. కుక్కలు వెంటపడితే రాళ్లేశారు. అది ఒక ఎత్తు. ఆ గోడ దగ్గర నిలబడి గీత చూపించిన పెద్దపిల్లకు గిద్దలూరు వైపు నుంచి ఒక సంబంధం మాట్లాడుతున్నారు. పిల్లాడి మేనమామ ఫోను చేసి, "మీ ఊళ్లో ఎవరూ లేరంట గదా, మీరు యాడుంటున్నారు?" అని అడిగాడట. ఆవిడ ఆ మాట నాకు చెప్పేటప్పుడు కోపం చూపించలేదు. ఉండాల్సిన కోపమంతా నాకే వచ్చింది, అందులో నుంచే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చెంచు తల్లి ఫొటో గురించి కూడా చెప్పాలి. దోర్నాల బస్టాండులో ఒక చిన్న వయసు ఆడమనిషి చంకలో బిడ్డతో నా దగ్గరికి వచ్చింది. కెమెరా చూసి తనే అడిగింది, బిడ్డకు ఏడాది నిండిందని, ఒక ఫొటో తీసి కాయితం మీద ఇవ్వమని. గూడేనికి తెలిసిన హెల్త్ వర్కరు చేత పంపించాను. ఆ తల్లి ఇంటర్ చదివిన పిల్ల, వాళ్ల గూడెంలో అంగన్‌వాడీ లెక్కలు రాసి పెడుతుంది. ఆ ఫొటో నీ చేతికి ఎలా చేరిందో నాకు తెలియదు గానీ, "నాగరికత తెలియని అడవి బిడ్డలు" అని రాశావు. క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అని ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త 1940లో కృష్ణకు అవతలి నల్లమలలో చెంచుల మధ్య ఉండి, వాళ్ల మీద పుస్తకం రాశాడు, 1943లో అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. చెంచుల ఫొటోలను అక్కడెక్కడో అంత జాగ్రత్తగా దాచుకుంటుండగా, మనం ఇక్కడే ఉండి ఒక చెంచు పిల్ల తన బిడ్డకు మొదటి ఏడు నిండిన ఫొటో తీయించుకుంటే దానికి ఆ మాట పెడతామా? అడవి గురించి అయితే ఇంకో సంగతి. శ్రీశైలం ఘాటు రోడ్డులో తుమ్మలబైలు సఫారీకి ఎవరైనా వెళ్లవచ్చు. కానీ అదంతా పులుల అభయారణ్యం, రోడ్డు వదిలి అడవి లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. నీ వీడియోలు చూసి లోపలి గూడేలకు "చెంచుల్ని చూడ్డానికి" బయల్దేరేవాళ్లు తయారవుతున్నారు. అక్కడి మనుషుల ఇళ్ల ముందు నిలబడి, అడగకుండా ఫోన్లు ఎత్తుతున్నారు.

అన్ని ఫొటోలూ ఊళ్లోవే కావు. నంద్యాల రైలులో దిగువమెట్ట దాటి అడవిలోకి పోతుంటే కిటికీలోంచి తీసినవి ఉన్నాయి, మీటరు గేజి కాలం నాటి దొరబావి వంతెన మొండి స్తంభాలవి ఉన్నాయి, భైరవకోనలో కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహల గుడులు, వానాకాలం వాటి పక్కన దూకే నీళ్లు ఉన్నాయి. వాటిని నీ ఇష్టం వచ్చినట్టు వాడుకో, ఊరు పేరు ఒక్కటి సరిగా రాయి చాలు. హైదరాబాదులో కూకట్‌పల్లి అడ్డా మీద తీసింది మాత్రం ఒకటుంది. తర్లుపాడు వైపు నుంచి పోయిన దంపతులు, పొద్దున్నే పనికి పిలిచేవాళ్ల కోసం టిఫిను డబ్బాలతో నిలబడి. "ఇంటికాడ సూపరువైజరు పని అని చెప్పినాం టీచరమ్మా, యాడా పెట్టొద్దు," అన్నాడు ఆయన. అది నా దగ్గరే ఉంది, ఎవరికీ పంపలేదు. ఫొటో వెనక కథ తెలిస్తే కొన్నిటిని ఎందుకు బయట పెట్టకూడదో కూడా తెలుస్తుంది. ఆ కథ వినే తీరిక లేనివాడి చేతిలో ప్రతి ఫొటో ప్రమాదమే.

చట్టం గురించి కూడా ఒక మాట. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. తీసినవాళ్లు ఫొటో తమదని చెప్పుకునే హక్కు, దాన్ని వక్రీకరించి తమ పరువుకు నష్టం చేస్తే అడ్డుకునే హక్కు అందులో ఉన్నాయి. రిజిస్టరు చేయించుకోకపోయినా వర్తిస్తాయి. ఒక వకీలు స్నేహితురాలు నోటీసు పంపుదామంది. నేను ఆగమన్నాను, ఎందుకంటే ఆ సెక్షన్ చూసేది నా పరువు. పలకల పెద్దాయన పరువు గురించి, కట్ట మీద చెప్పులు విప్పిన ముసలావిడ గురించి, ఆ రోలు గురించి అందులో ఏమీ లేదు. నేను గెలిస్తే నా పేరు మళ్లీ మూలన పడుతుంది. వాళ్లకు ఒరిగేది ఏమీ ఉండదు. వాళ్లకు దక్కాల్సింది దక్కాలంటే నువ్వు నీ చేత్తో చేయాలి.

చేయాల్సింది ఇది. నీ పేజీలో ఉన్న పలకల ఫొటో తీసేసి, అసలుది పూర్తిగా, దొంతరలతో సహా, ఆయన చెప్పిన వాక్యంతో పెట్టు. నేను పంపిస్తాను, డాక్యుమెంటుగా పంపుతాను, తేదీ కూడా నిలుస్తుంది. కంభం చెరువు ఫొటో కింద కంభం అని రాయి. చెంచు పిల్ల ఫొటో పూర్తిగా తొలగించు. అది వాళ్ల ఇంట్లో ఉండాల్సింది, ఇంకెక్కడా కాదు. ఇకమీదట ఎవరి ఫొటో వాడుకున్నా వాళ్లను అడుగు, దొరక్కపోతే వాడొద్దు. నీకు ఫొటోల మీద ఇష్టం ఉంది, లేకపోతే ఇన్ని ఎందుకు పోగేస్తావు? కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. ఎక్కడికైనా వెళ్లు, ముందు కూర్చో, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగు, పేరు అడుగు, వాళ్లు చూపించింది తీయి. ఎట్లా అడగాలో తెలియకపోతే నాకు ఫోను చెయ్యి, ఒక ఆదివారం ఇద్దరం కలిసి వెళదాం. మనస్ఫూర్తిగా పిలుస్తున్నాను.

మిగతావి నీ వీలు చూసుకుని చెయ్యి. ఆ ఇంటి వీడియో మాత్రం ఇవాళే తీసెయ్. తీసేసి, అదే చోట ఆ ఊరి పేరు రాసి, అక్కడ మనుషులు ఉంటున్నారని, నువ్వు పెట్టింది తప్పని నీ పేజీలో నువ్వే చెప్పు. సంబంధం వాళ్లు ఇంకా కాదనలేదు. మాఘంలో ముహూర్తాలున్నాయి, ఆ లోపు ఒకసారి ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు.

ఇట్లు,
మార్కాపురం నుంచి ఒక బడిపంతులమ్మ